బుధవారం సాయంత్రం విమానం

పిల్లల్ని పరదేశానికి తీసుకెళ్ళడమంటే విమానం ఎక్కించడమే అనుకుంటారు చాలామంది. విమానం ఎక్కించడం ఆఖరి పని. దానికి ముందు ఏడాదిన్నర పాటు కాగితాల వెంట తిరగాలి, సంతకాల కోసం గుమ్మాల ముందు నిలబడాలి, పాస్‌పోర్టు ముఖం ఎరగని ఇళ్ళకు వెళ్ళి మజ్జిగ తాగి నచ్చజెప్పాలి. ఇదంతా నేను చేశాను. బాగా చేశానని కూడా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట నోటికి రాదు.

నేను విశ్వవిద్యాలయంలో రొయ్యల పెంపకం పాఠం చెబుతాను. కావలి నుంచి దక్షిణంగా వస్తుంటే రోడ్డుకు తూర్పున అంతా ఆ పాఠమే. ఎటు చూసినా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే ఏరేటర్లు, గట్ల మీద మేత బస్తాలు. తెగులు తగిలిన ఏడు గుంట ఎండగట్టి పక్క పొలం తవ్వుతారు. అదీ చెడితే దాని పక్కది. బోగోలు వైపు కొన్ని చోట్ల బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. వియత్నాంలో మడ చెట్లు కొట్టకుండా, వాటి నీడలోనే రొయ్యలు పెంచే పల్లెలు ఉన్నాయి. తరగతిలో ఆ సంగతి చెబితే మా పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్ళు, ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. వాళ్ళను తీసుకెళ్ళి కళ్ళతో చూపించాలని నాకు పంతం పట్టుకుంది. మూడు వారాలు, పన్నెండు మంది పిల్లలు, అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళ వసతి గృహం. చివర్లో మా పిల్లలు తాము నేర్చుకున్నదాని మీద అక్కడి పెద్దల ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. అది నచ్చితే వాళ్ళకూ మాకూ మధ్య ఒప్పందం ఏటేటా కొనసాగుతుంది. నచ్చకపోతే ఆ ఒక్కసారితో సరి.

"మేడం గారికి బోగోలు రొయ్యలు రుచించడం లేదు, వియత్నాం రొయ్యలు కావాలంట" అని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా అని నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల ఒళ్ళు మండేది. నేను కోపిష్టిని. పైగా నా పని నేను తప్ప ఇంకొకరు సరిగ్గా చేయలేరన్న నమ్మకం ఒకటి. ఈ రెండూ ఒక మనిషిలో చేరితే ఆ మనిషి జాబితాలు రాస్తుంది. జ్వరం వస్తే ఏం చేయాలి, పాస్‌పోర్టు పోతే ఎవరికి చెప్పాలి, పడవ ఎక్కేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, అన్నీ రాశాను. మా ఇంట్లో వాళ్ళు ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికి కూడా భయపడే రోజులవి.

ప్రయాణానికి నెల ముందు ఒక శనివారం తల్లిదండ్రుల్ని పిలిచాను. సంగం నుంచి వరి కోతలు ఆపుకుని ఒక రైతు వచ్చాడు. కావలిలో బట్టలు కుట్టే సాయిబు గారు వచ్చారు. ఆయన లేచి, "ఆడ అన్నం దొరకతాదా మేడం?" అని అడిగారు. వాళ్ళు మూడు పూటలా అన్నమే తింటారని చెప్పాను. హాల్లో సగం భయం ఆ మాటతో పోయింది.

తరవాత నా నియమం చెప్పాను. "ఇంటి దగ్గర ఏదైనా కష్టం వస్తే పిల్లలకు నేరుగా ఫోన్ చేయకండి. ముందు నాకు చెప్పండి. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో చూసి నేను చెబుతాను. అక్కడ వాళ్ళకు తల్లినీ తండ్రినీ నేనే." ఈ నియమం విదేశీ ప్రయాణాల మార్గదర్శకాల్లో ఎక్కడా లేదు. ఇది నాది, మా వైపు మనుషులది. మా దగ్గర చావు కబురును చావు కబురుగా పంపరు. సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా అంటారు. వచ్చిన మనిషి ఇంటి ముందు షామియానా చూసి తెలుసుకోవాలి.

నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు మా అమ్మ పోతే నాకూ అలాగే చెప్పారు. చిన్నాన్న కొడుకు వచ్చి, అమ్మకు నలతగా ఉందని బస్సెక్కించాడు. సంగం చేరేదాకా అమ్మ ఉందనే అనుకున్నాను. ఆ నాలుగైదు గంటలు మా వాళ్ళు దయతో నాకిచ్చినవి అని ఆ తరవాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ శనివారం హాల్లోనూ చెప్పాను. తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ సంతకాలు పెట్టారు.

ఆఖరి వరుసలో బిట్రగుంట నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. రైల్వేలో ట్రాక్‌మన్. రోజూ పట్టాల వెంట మైళ్ళు నడిచే మనిషి, కుర్చీలో కుదురుగా కూర్చోవడం అలవాటు లేక అంచున కూర్చుని ఉన్నాడు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

"వందనాలు మేడం. ఆడ రైళ్ళు ఉండాయా?"

ఉన్నాయన్నాను.

"అట్లైతే మా పాపని ఒక ఫోటో తీసి పంపమనండి. పట్టాలు ఎట్టా ఏసినారో చూస్తాను."

పక్కనే ఉన్న కూతురు సిగ్గుపడి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఆ పిల్ల మా తరగతిలో అందరికంటే చురుకైంది. ఆదివారం చర్చి అయ్యాక బోగోలు వెళ్ళి గుంటల పక్క బోర్లలో నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, సోమవారం ల్యాబ్‌లో ఉప్పు కొలిచేది. రెండేళ్ళు కొలిచింది. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. మా ప్రజెంటేషన్‌కు ఆ అంకెలే వెన్నెముక, చెప్పేదీ ఆ పిల్లే. మిగతావాళ్ళు తలో నాలుగు ముక్కలు చెప్పి పక్కకు జరగాలి.

రెండు వారాలు బాగా జరిగాయి. పిల్లలు పడవల్లో తిరిగారు, మడ చెట్ల వేళ్ళ మధ్య బురదలో దిగారు, అక్కడి రైతులతో సైగలతో బేరాలాడారు. ఆ పిల్ల రైలు పట్టాల ఫోటో తీసి పంపింది. వాళ్ళ నాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడని నాకు వినిపించింది కూడా. మన పట్టాల కంటే సన్నగా ఉండాయి, బండి ఊగతా ఉంటాదేమో చూసి ఎక్కు అని.

మూడో వారం బుధవారం పొద్దున పది గంటలకు నాకు ఫోన్ వచ్చింది. గురువారం ప్రజెంటేషన్, శుక్రవారం సాయంత్రం తిరుగు ప్రయాణం. పిల్లలు పక్క హాల్లో రిహార్సల్ చేస్తున్నారు. నేను వసతి గృహంలో నా గదిలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆ పిల్ల మేనమామ.

"మేడం, వందనాలు. మా బావ పొద్దన్నే డూటీకి పోతా పోతా పడిపోయినాడు. కావలికి తీసకపోయినాము. లాభం లేకపోయింది మేడం. ప్రభువు పిలుచుకున్నాడు."

ఆయనే మళ్ళీ అన్నాడు.

"పాపకి చెప్పలా. మీరు ఆ పొద్దు చెప్పినారు గదా, మీకే ముందు చెప్పమని. అందుకని ఎవురినీ ఫోన్ చెయ్యనియ్యలా. ఐసు పెట్టె తెప్పించినాము. రేపు సాయంత్రం దాకా పెట్టి చూస్తాము. పాప రాగలదా మేడం? మా అక్క ఒక్కటే అడగమనింది. మొకం చూసుకునేదానికి వస్తాదా, రాదా అని."

చూసి చెబుతానన్నాను. మాతో వచ్చిన రెండో అధ్యాపకుడిని పిలిచాను. కొత్తగా చేరినవాడు, నెమ్మదస్తుడు. ఇద్దరం కలిసి నా ల్యాప్‌టాప్‌లో చూశాం. ఆ సాయంత్రం ఏడు గంటలకు విమానం ఉంది. మధ్యలో ఒకచోట మారాలి. తెల్లారేసరికి చెన్నైలో దిగుతుంది. అక్కడ నుంచి కారు మాట్లాడితే గురువారం మధ్యాహ్నం లోపే బిట్రగుంట చేరవచ్చు. సీట్లు ఉన్నాయి. మేమున్న ఊరి నుంచి విమానాశ్రయానికి నాలుగు గంటల దారి, పన్నెండున్నరకు బయల్దేరితే హాయిగా అందుతుంది.

"నేను తోడు వెళ్తాను మేడం" అన్నాడతను. "లేదంటే మీరు వెళ్ళండి. రెండు రోజులే కదా, వీళ్ళను నేను చూసుకుంటాను."

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు అతనికి చాలా కారణాలు చెప్పాను. తండ్రి పోయిన పిల్లను మగ తోడుతో పంపితే ఇంట్లో వాళ్ళు ఏమంటారో అన్నాను. నేను వెళితే పదకొండు మందికి నువ్వొక్కడివే బాధ్యుడివి, రూల్సు ఒప్పుకోవన్నాను. దారిలో ఆ పిల్ల కూలబడిపోతే ఎవరు పట్టుకుంటారన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాళ్ళను చూసి నవ్వేదాన్ని, ఆ రోజు ఆ కుందేలు నా చేతిలోనే ఉంది. చెప్పిన కారణాల్లో ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. చెప్పని కారణం ఇంకొకటుంది. మర్నాడు ఆ పిల్ల లేకపోతే ప్రజెంటేషన్ లేదు. ప్రజెంటేషన్ లేకపోతే ఒప్పందం లేదు. ఏడాదిన్నర నేను తిరిగిన తిరుగుడు, స్టాఫ్‌రూంలో నవ్విన నవ్వులు, అన్నీ ఆ గదిలో నా పక్కన కూర్చున్నాయి. ఏ కారణం ఎక్కువ బరువు తూగిందో అప్పుడు చూసుకోలేదు. చూసుకోకూడదనే చూసుకోలేదు.

అతను లేచి రిహార్సల్ హాలుకు వెళ్ళిపోయాడు. కొత్తవాడు, ఏమంటాడు.

పదకొండున్నర దాటాక ఆ పిల్ల నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మేడం, పిలిచినారా?"

నేను పిలవలేదు. "లేదే" అన్నాను. ల్యాప్‌టాప్ మూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకు మూశానో నాకే తెలియదు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. "రిహార్సల్ ఎలా ఉంది? మూడో స్లైడు దగ్గర తొందరపడకు" అన్నాను. సరే మేడం అని వెళ్ళిపోయింది.

ఒంటిగంటకు మేనమామకు ఫోన్ చేశాను. "సీటు దొరకలేదన్నా. ఎంత చూసినా దొరకలేదు. శనివారం పొద్దునకు ఎలాగూ దిగుతాం, నేనే దగ్గరుండి తీసుకొస్తాను" అన్నాను.

"సరే మేడం" అన్నాడాయన. "మీకు చేతనైనంత చూసుంటారు. అట్లైతే రేపు పొద్దన పదింటికి చేసేస్తాము. పాపకి ఇప్పుడే చెప్పబాకండి, ఇంటికొచ్చినాక మేము చెప్పుకుంటాము."

ఫోన్ పెట్టేశాక మధ్యాహ్నం భోజనం చేశాను. ఏం తిన్నానో కూడా గుర్తుంది, ఉడికించిన చేప, పచ్చి ఆకులు.

గురువారం ఆ పిల్ల తెల్ల చుడీదార్ వేసుకుని వచ్చింది. అక్కడి పదకొండున్నర అంటే బిట్రగుంటలో పది. మూడో స్లైడు వచ్చేసరికి నేను గోడ గడియారం చూశాను. అక్కడ సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తూ ఉంటారు, ఇక్కడ ఆ పిల్ల బోగోలు బోర్లలో ఉప్పు ఏడాదికేడాది ఎలా పెరిగిందో గీతలు చూపిస్తోంది. ఒక్క మాట తడబడలేదు. తొందరపడలేదు కూడా. నేను చెప్పినట్టే మూడో స్లైడు దగ్గర ఆగి, నిదానంగా చెప్పింది. అయిపోయాక అక్కడి పెద్ద ప్రొఫెసర్ లేచి వచ్చి నా చేయి పట్టుకుని, వచ్చే ఏడు కూడా రండి, ఆ తరవాతా రండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ పిల్ల నా వైపే చూస్తోంది. మెచ్చుకోలు కోసం చూస్తోందనుకున్నాను.

శనివారం పొద్దున చెన్నైలో దిగాం. మిగతా పిల్లల్ని మా రెండో అధ్యాపకుడితో బస్సులో పంపాను. ఆ పిల్లకూ నాకూ వేరే కారు మాట్లాడాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడగకపోవడం నాకు వింతగా తోచాలి. తోచలేదు, నా గొడవలో నేనున్నాను. దారంతా మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. సూళ్ళూరుపేట దాటాం. నాయుడుపేటలో టీకి ఆపాం. గ్లాసు చేతిలో పట్టుకుని మొదలుపెట్టాను.

"నాన్నకు ఒంట్లో బాగాలేదంటమ్మా..."

"వద్దు మేడం" అంది. "నాకు తెలుసు."

ఎప్పటి నుంచి అని అడిగాను.

"బుధవారం పదకొండింటికే తెలుసు. మా చర్చి పిల్లోడు స్టేటస్ పెట్టినాడు. నాన్న ఫోటో పెట్టి, కింద బైబిలు వాక్యం రాసినాడు. మామకి ఫోన్ చేద్దామనుకున్నా. ఏదొచ్చినా మీరే చెప్తామన్నారు గదా, చెప్తారులే అని ఉన్నా. మీ కాడికి వచ్చినా గూడా. పిలిచినారా అని అడిగినా."

పిలవలేదే అని నేను చెప్పిన మాట గుర్తుకొచ్చింది. రిహార్సల్ సంగతి అడిగినదీ గుర్తుకొచ్చింది. అప్పటికి తండ్రి పోయాడని తెలిసిన పిల్లకు మూడో స్లైడు గురించి చెప్పాను. మర్నాడు పదిగంటల సంగతీ ఆ పిల్లకు తెలుసు. స్టేటస్‌లో భూస్థాపన వేళ కూడా ఆ సాయంత్రం చేర్చారట. అందుకే ఆ తెల్ల చుడీదార్.

రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాను. టీ కొట్టు వాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఆ పిల్ల నా చేతిలో గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. నా భుజం మీద చేయి వేసింది.

"ఊరుకోండి మేడం. సీటు దొరికుంటే మీరు పంపకుండా ఉంటారా? దొరక్కపోతే మీరు మాత్రం ఏం చేస్తారు."

అప్పుడు చెప్పాలి నేను. సీట్లు ఉన్నాయమ్మా అని అక్కడే, ఆ టీ కొట్టు ముందే చెప్పాలి. చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని కారెక్కాను. గూడూరు దాటింది, నెల్లూరు వచ్చింది, నేను నోరు విప్పలేదు. తిరుపతి బస్సులో నేను కూర్చున్న ప్రయాణం గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన కథ తప్పు. ఆ రోజు నాకూ తెలుసు. చిన్నాన్న కొడుకు నాకు అడక్కుండానే సోడా కొనిచ్చి, నా ముఖం చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నప్పుడే తెలిసింది. అడిగితే నిజమైపోతుందని అడగలేదు. ఆ నాలుగైదు గంటలు ఒంటరిగా ఏడవకుండా కూర్చున్నాను. దాన్ని దయ అని పేరు పెట్టి, పదిమందికి పంచి, చివరకు నియమం చేసి సంతకాలు పెట్టించాను.

బిట్రగుంటలో పాత రైల్వే క్వార్టర్స్. ఇంటి ముందు షామియానా తీసేశారు, గుంజల గుంతలు మాత్రం ఉన్నాయి. తల్లి గుమ్మంలోనే కూతుర్ని పట్టుకుని కూలబడింది. ఆ పిల్ల తల్లిని పట్టుకుంది గానీ గట్టిగా ఏడవలేదు. సాయంత్రం ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చి వాళ్ళు ఆదరణ కూటం పెట్టుకున్నారు. నన్ను వెళ్ళనివ్వలేదు. ఇరుకు గదిలో చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. పాస్టరు గారు ప్రార్థనలో, "పరాయి దేశంలో మా బిడ్డను కన్నతల్లి మాదిరి కాపాడి తెచ్చిన ఈ తల్లిని దీవించు తండ్రీ" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ పిల్ల కూడా అంది. నేను తల వంచుకున్నాను. జీవితంలో ఎన్నో తిట్లు తిన్నాను, ఆ దీవెన కొట్టినంత దెబ్బ ఎప్పుడూ తినలేదు.

కూటానికి ముందు ఆ పిల్లను సమాధుల తోటకు తీసుకెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. మట్టి దిబ్బ మీద బంతిపూలు వాడి నల్లబడ్డాయి. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి మీద అరచేయి పెట్టి అలాగే ఉండిపోయింది. తల ఎటు వైపుందని మేనమామను అడిగింది. ఆయన చూపించాడు. చేయి అటు జరుపుకుంది.

ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసింది. పై చదువుకు నేను రాయమన్న చోట్లకు రాయలేదు. తండ్రి ఉద్యోగం కింద రైల్వే వాళ్ళు ఆమెకు పని ఇచ్చారు. బోగోలు నీళ్ళ సీసాలు మా ల్యాబ్‌లో ఒక అరలో చాలా రోజులు ఉండి, ఎవరో సర్దేటప్పుడు పోయాయి. మా ప్రోగ్రాం మాత్రం కొనసాగింది. రెండో బృందాన్ని కూడా మీరే తీసుకెళ్ళాలి, మీకంటే బాగా ఎవరు చేస్తారు అని పైవాళ్ళు అన్నారు. స్టాఫ్‌రూంలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం చేయాల్సిన వారంలో నాకు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ విమానం సీట్ల మాట ఆ పిల్లకు చెప్పకుండా ఇంకో పన్నెండు మంది తల్లిదండ్రుల ముందు నిలబడలేననిపించింది. ఆదివారం పొద్దున ప్యాసింజరు ఎక్కి బిట్రగుంటలో దిగాను.

ఆ పిల్ల చర్చి నుంచి వచ్చి, పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేపలు కడుగుతోంది. నన్ను చూసి లేచి, తడి చేతుల్తోనే స్టూలు వేసింది. తల్లి లోపల వంట చేస్తోంది. క్షేమ సమాచారాలు అయ్యాయి. పట్టాల మీద ఎండకు నల్లబడింది, చిక్కింది. నేను ఇంకా ఆగితే ధైర్యం పోతుందని చెప్పేశాను.

"ఆ బుధవారం సాయంత్రం విమానంలో సీట్లు ఉన్నాయి. దొరకలేదని మీ మామకు అబద్ధం చెప్పాను."

చేప కడిగే చేయి ఆగలేదు. "తెలుసు మేడం" అంది. "నేనూ ఫోన్లో చూసినా. ఏడు గంటల దానికి ఉండాయి. బ్యాగు సర్దుకోనే మీ గది కాడికి వచ్చినా. బ్యాగు వరండాలో పెట్టి వచ్చినా, మీకు కనపడలా."

"మరి నాయుడుపేటలో ఎందుకలా అన్నావు? సీటు దొరక్కపోతే నేనేం చేస్తానని?"

"మీరు ఏడస్తా ఉండారు గదా."

ఏదో ఒకటి అనాలి, ఆ మాట కింద నుంచి బయటపడాలి. "నన్ను అడగాల్సింది కదమ్మా" అన్నాను. "నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే పంపించేదాన్ని."

అప్పుడు ఆగింది ఆ చేయి. ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ ముఖం తండ్రి పోయిన వారంలో కూడా నేను చూడలేదు.

"అట్లనా మేడం" అంది. "అట్లైతే నాదే తప్పు. నేనే అడగలా. భయపడినా. గుమ్మం కాడ దాకా వచ్చి అడగలేకపోయినా." చేపను గిన్నెలో వదిలేసింది. "అడిగుంటే చూసుండేదాన్ని నాన్నని."

నన్ను నేను కాపాడుకోవడానికి ఏం చేశానో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఇన్ని నెలలు మోసింది చాలక, నా పాపం కూడా తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టాను.

"లేదమ్మా" అన్నాను. "అబద్ధం. నువ్వు అడిగినా పంపేదాన్ని కాదు. మర్నాడు నీ ప్రజెంటేషన్ ఉంది. నువ్వు లేకపోతే ఒప్పందం పోతుందని భయపడ్డాను. దాని కోసమే ఆపాను. నీ తప్పు ఏమీ లేదు."

ఈ మాట అంతకు ముందు ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. అన్నాక తేలిక పడతానేమో అనుకున్నాను. పడలేదు. ఆ పిల్ల ఏడ్చింది. చేపల గిన్నె ముందు, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, లోపల తల్లికి వినపడకుండా ఏడ్చింది. నేను దగ్గరికి జరగబోతే చేయి అడ్డం పెట్టింది. కాసేపటికి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది, లేచి నిలబడింది.

"ఈ మాట అమ్మకి చెప్పబాకండి మేడం. మీరంటే అమ్మకి శానా గౌరవం. పోయిన వారం గూడా ప్రార్థనలో మీ పేరు చెప్పింది." ఎప్పటిలాగే మర్యాదగానే అంది. "ఇంక మీరు ఈడికి రాబాకండి."

సరేనన్నాను. లోపల నుంచి తల్లి కేకేసింది. "పాపా, మేడం గారిని అన్నం తిని పొమ్మను. చేపల పులుసు అయిపోతాది."

"మేడం పోతా ఉండారు మా" అని లోపలికి వినపడేలా చెప్పి, ఆ పిల్ల గేటు తీసి పట్టుకుంది.